ఇంజను నోట్లో గుడ్డలు కుక్కకండి

పోయిన సోమవారం పొద్దున షెడ్డు షట్టరు ఇంకా సగమే ఎత్తాను, ఒక కుర్రాడు కారు తెచ్చి ముందు నిలబెట్టాడు. ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఉంటాయి. మెడలో కంపెనీ కార్డు వేలాడుతోంది. దిగుతూనే వెనక సీట్లోంచి సంచీ తీశాడు. అందులో ఆయిల్లో పోసే మందు సీసాలు మూడు. రెండు ఖాళీవి, ఒకటి సీలు తియ్యనిది.

"అంకుల్, టాపెట్ సౌండ్ వస్తోంది. ఈ రెండూ పోశాను, తగ్గలేదు. ఇది ఇంకా స్ట్రాంగ్ అంట. పోసేద్దామా?" అన్నాడు.

"ముందు స్టార్ట్ చెయ్యి నాయనా" అన్నాను.

బానెట్ ఎత్తి, పైన ఉన్న ప్లాస్టిక్ మూత తీసి పక్కన పెట్టి, గోడకి తగిలించిన పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకున్నాను. దాని మొన టాపెట్ కవరు మీద, పిడి నా చెవి ఎముక మీద. కుర్రాడు నన్ను వింతగా చూశాడు. వాల్వులన్నీ వరసగా, సమంగా, సన్నగా కొట్టుకుంటున్నాయి. తప్పు అక్కడ లేదు. మొన కిందికి జరిపాను. ఎగ్జాస్ట్ పక్కకి వచ్చేసరికి దొరికింది. 'టిక్కు' కన్నా 'ఫట్టు'కి దగ్గరైన శబ్దం, వెనకాల చిన్న గాలి ఊపిరి. హీట్ షీల్డు విప్పి చూస్తే, మానిఫోల్డ్ ప్యాకింగ్ అంచున కాటుక గీత గీసినట్టు నల్లటి మసి. రెండు నట్లు వదులు, ప్యాకింగ్ ఒక మూల కాలిపోయింది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి గాలి కొట్టి టాపెట్టులాగే మోగుతుంది. వేడెక్కి ఇనుము ఉబ్బితే సందు మూసుకుని శబ్దం తగ్గుతుంది. ఇంజను బయట పక్క ఉన్న ఆ చిల్లుకి లోపల పోసిన సీసా ఏం చేస్తుంది?

ఆ కుర్రాణ్ణి నేను తప్పు పట్టను. వాడికి ఎవరూ వినడం నేర్పలేదు. కొనడం మాత్రం అందరూ నేర్పారు. నా కోపమంతా దాని మీదే.

మా రోజుల్లో వినడమే మొదటి పాఠం. నేను హిందూపురం నుంచి బెంగళూరు వచ్చింది 1974లో, పదిహేనేళ్లప్పుడు. రవీంద్ర కళాక్షేత్రం దగ్గర్నుంచి మినర్వా సర్కిల్ దాకా జె.సి. రోడ్డు పొడుగునా స్పేర్ పార్టుల అంగళ్లు, వాటి వెనక సందుల్లో షెడ్లు. కన్నడం, తమిళం, ఉర్దూ, తెలుగు నాలుగూ కలిసిపోయిన భాష ఒకటి అక్కడ నడిచేది. మా మేస్త్రి మొదటి ఆరు నెలలు నా చేతికి స్పానరు ఇవ్వలేదు. కిరసనాయిలు డబ్బాలో పార్టులు కడగడం, ఆయన వింటుంటే పక్కన నిలబడి వినడం, ఇవే నా పనులు. ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తక ముందే "ఏం మోగుతాంది రా?" అని అడిగేవాడు. తప్పు చెబితే తిట్టేవాడు. తెలియదంటే మాత్రం తిట్టేవాడు కాదు. "మళ్లా విను" అనేవాడు.

అట్లా విని విని పట్టుకున్న లెక్కలు ఇప్పటికీ తప్పడం లేదు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి టాపెట్ శబ్దం ఇంజను వేగంలో సగం లెక్కన వస్తుంది. ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతూ నిలబడి ఉంటే ఒక వాల్వు 400 సార్లు కొడుతుంది. పైనుంచి, టైపు మిషన్ కొట్టినట్టు, సన్నగా వస్తుంది. అదే పిస్టను వదులైతే పొద్దున చల్లగా ఉన్నప్పుడు డబడబమని కొట్టి, వేడెక్కాక సర్దుకుంటుంది. బిగ్ ఎండు బేరింగు పోతే కింద నుంచి, లోతుగా, బరువు లాగేటప్పుడు గటగట. ఆ శబ్దం వినపడిందంటే మేస్త్రి చేతిలో ఏ పనున్నా వదిలేసి పోయి తాళంచెవి తిప్పి ఆపేసేవాడు. చైను వదులైతే గొలుసు ఈడ్చినట్టు జరజర. ఇప్పటి బళ్లలో ఇంజెక్టర్లు కూడా టిక్కుటిక్కుమంటాయి. అది వాటి గుణం, జబ్బేమీ లేదు. దాన్ని కూడా టాపెట్ అనుకుని ఆయిల్లో మందు పోసేవాళ్లని చూస్తున్నాను. పెట్రోలు దారిలో ఉన్న ఇంజెక్టరుకి, ఆయిలు దారిలో పోసే మందుకి ఏం సంబంధం?

అసలు టాపెట్టుకి సందు ఎందుకు పెడతారో ఇవాళ ఎంతమందికి తెలుసు? ఇనుము వేడికి సాగుతుంది. ఇంజను కాగితే వాల్వు కాడ పొడుగవుతుంది. ఆ సాగుడికి చోటు ముందే వదిలిపెట్టాలి. ఆ చోటు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వు తల ఏడెనిమిది వందల డిగ్రీల దాకా కాగుతుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం అది సీటు మీద కూర్చున్న ఆ కాస్త సమయంలోనే హెడ్డులోకి దిగిపోవాలి. కూర్చోనివ్వకపోతే వేడి దిగదు, పైగా సందులోంచి మంట జిమ్ముతుంది, అంచు కాలిపోతుంది. అందుకే మా మేస్త్రి అనేవాడు, "మోగే టాపెట్టు బతుకుతాది రా, మూగ టాపెట్టు వాల్వును తింటాది" అని.

ఆ సందు పెట్టడం ఎట్లాగో ఒక అంబాసిడరు మీద చెబుతాను. దాని 1489 సీసీ ఇంజనుకి సందు 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను, మిల్లీమీటరు లెక్కలో 0.38. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. మేస్త్రి నేర్పింది తొమ్మిది లెక్క. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు ఒకటో దాన్ని సెట్ చెయ్యి. ఆరు తెరుచుకుంటే మూడు. నాలుగు తెరుచుకుంటే అయిదు. ఏడు తెరుచుకుంటే రెండు. ఏ జతైనా కలిపితే తొమ్మిదే రావాలి. పుస్తకం చూడక్కర్లేదు, గుర్తు పెట్టక్కర్లేదు, తొమ్మిది ఒక్కటి తెలిస్తే చాలు.

కవరు ఎత్తి, కార్క్ ప్యాకింగ్ చిరగకుండా పక్కన పెట్టి, ప్లగ్గులు విప్పి, ఫ్యాను రెక్క పట్టుకుని ఇంజను చేత్తో తిప్పేవాళ్లం. రాకరుకీ వాల్వు కాడకీ మధ్య 15 థౌ రేకు దూర్చాలి. స్క్రూ తిప్పుతూ రేకుని ముందుకీ వెనక్కీ లాగుతూ ఉండాలి. రెండు వేళ్ల మధ్య నొక్కిపట్టిన దారం జారినట్టు జారాలి. ఊరికే వచ్చెయ్యకూడదు, మొరాయించకూడదు. అప్పుడు లాక్ నట్టు బిగించాలి. కొత్తవాడు పొరపాటు చేసేది ఇక్కడే. నట్టు బిగిస్తున్నప్పుడు దాంతోపాటు స్క్రూ కూడా వెంట్రుకవాసి తిరుగుతుంది, సందు మారిపోతుంది. బిగించాక రేకు మళ్లీ దూర్చి చూడాలి. తేడా ఉంటే మళ్లీ విప్పాలి. అట్లా ఎనిమిది. గంట పని. కవరు వేసి స్టార్ట్ చేస్తే ఎనిమిదీ ఒక్క శ్రుతిలో మోగేవి. ఆ మోగుడు విన్నాకే మేస్త్రి చేతులు తుడుచుకునేవాడు.

బుల్లెట్టుకి రేకు కూడా అక్కర్లేదు. పాత క్యాస్ట్ ఐరన్ ఇంజనైతే, చల్లగా ఉన్నప్పుడు పిస్టను పైకి తెచ్చి, సైడు కవరు తీసి, పుష్ రాడ్డుని రెండు వేళ్లతో తిప్పి చూడాలి. తిరగాలి గానీ కిందికీ పైకీ ఆడకూడదు. అంతే. బండి కొన్న ప్రతివాడికీ ఆ పని వచ్చేది. ఆదివారం పొద్దున టిఫిను తినేసి ఇంటి ముందే చేసుకునేవాళ్లు. హెచ్.ఎ.ఎల్., హెచ్.ఎం.టి., ఐ.టి.ఐ.లో పని చేసే మన తెలుగువాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చేవాళ్లు. వాళ్ల దగ్గర నాకన్నా మంచి గేజీలుండేవి. "మేస్త్రీ, నేను సెట్ చేశాను, నువ్వొకసారి విను" అని వచ్చేవాళ్లు. ఈ ఊరికి అట్లాంటి చేతులుండేవి. ఆడుగోడిలో మైకో వాళ్లు స్పార్క్ ప్లగ్గులూ డీజిలు పంపులూ చేసేవాళ్లు. 2008లో ఆ కంపెనీ పేరు బాష్ అయింది. మైక్రాను అంటే ఏమిటో టీ కొట్టు దగ్గర కూడా తెలిసిన ఊరు ఇది. ఆ ఊళ్లో ఇవాళ ఇంజను టిక్కుమంటే సీసా కోసం ఫోను తీస్తున్నారు.

శబ్దం తగ్గితే మంచిదే అనుకునేవాళ్లకి ఒక ఆటో సంగతి చెప్పాలి. ముళబాగిలు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఎల్పీజీ ఆటో నడిపే తమ్ముడొకడు రెండేళ్ల కింద వచ్చాడు. "అన్నా, బండి పొద్దున స్టార్టే కాదు. ఎక్కుడు వస్తే లాగదు. అయితే శబ్దం మాత్రం ముందుకన్నా శానా నున్నగా ఉండాది" అన్నాడు. ఆరు నెలల ముందు టాపెట్ శబ్దం ఎక్కువైందని ఎవరో చెబితే ఒక సీసా పోయించాడట. ఆ తర్వాత మెల్లమెల్లగా శబ్దం తగ్గుతూ వచ్చిందట. మందు పని చేసిందనుకుని సంతోషపడ్డాడు.

కవరు తీసి రేకు పెట్టబోతే దూరలేదు. అన్నిటికన్నా సన్నటి రేకు కూడా దూరలేదు. ఎగ్జాస్ట్ వాల్వు రాకరుని నొక్కుకుని ఉంది. ఎల్పీజీ ఎండు గ్యాసు. పెట్రోలులాగా వాల్వు సీటుకి తడి తగలదు, వేడి ఎక్కువ, సీటు అరుగుతుంది. సీటు అరిగేకొద్దీ వాల్వు హెడ్డులోకి లోతుగా దిగిపోతుంది. అటు దిగితే ఇటు కాడ పైకి లేస్తుంది, సందు మూసుకుపోతుంది. అందుకే శబ్దం తగ్గింది. సీసాలో మందు ఏమీ చెయ్యలేదు. హెడ్డు విప్పితే వాల్వు అంచు ఒక పక్క చేగోడీ కొరికినట్టు పోయి ఉంది. వాల్వు, సీటు, హెడ్డు పని అన్నీ కలిపి అతని పది రోజుల సంపాదన పోయింది, బండి నిలబడిన రోజులు వేరే. ఆ శబ్దం మొదట ఎక్కువైనప్పుడే ఎవరైనా కవరు తీసి సందు చూసి ఉంటే, నెలకొకసారి చూడమని చెప్పి ఉంటే, ఆ హెడ్డు బతికేది. గంట పని ఎగ్గొట్టి సీసా అమ్మినవాడు అతని పొట్ట మీద కొట్టాడని నేను అంటాను.

ఇంతకీ ఆ సీసాల్లో ఏముంటుంది? యాభై ఏళ్లలో రకరకాలవి చూశాను. ఇంజను లోపల జరిగేదాన్ని బట్టి చూస్తే నాలుగే రకాలు. ఒకటి, ఆయిలుని చిక్కబరిచేది. తేనెలాగా సాగుతుంది. సందులో మందపాటి పొర నింపి దెబ్బని మెత్తబరుస్తుంది. చెవికి తగ్గినట్టే ఉంటుంది, సందు మాత్రం అట్లాగే ఉంటుంది. రెండోది మాలిబ్డినం లాంటి ఘనమైన పొడి కలిసిన నల్లటి మందు. రాపిడిని కొంత తగ్గిస్తుంది, నిజమే. అరిగిపోయిన క్యాముని మాత్రం తిరిగి మొలిపించదు. మూడోది కడిగే మందు, లోపల పేరుకున్న జిగురుని కరిగించేది. నాలుగోది జింకు, ఫాస్ఫరస్ కలిసిన మందు. క్యాము, టాపెట్టు ఒకదాన్నొకటి గట్టిగా రాసుకునే చోట పొరలా ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. ఈ నాలుగు పనులకీ కావలసిన సరుకు మంచి ఆయిలు డబ్బాలో కంపెనీవాడు కొలత ప్రకారం ముందే కలిపి పెడతాడు. వండిన పులుసులో మళ్లీ గుప్పెడు ఉప్పు వేస్తే రుచి పెరుగుతుందా?

చిక్కటి ఆయిలు మోసం మా రోజుల్లోనూ ఉండేది, దాన్ని దాచను. సెకండ్ హ్యాండు బండి అమ్మేటప్పుడు శబ్దం వినపడకుండా 90 నెంబరు గేరాయిలు ఇంజన్లో కలిపేవాళ్లుండేవాళ్లు. 90 అంటే 50కి దాదాపు రెట్టింపు మందం అనుకుంటారు జనం. ఆ కొలత వేరు, ఈ కొలత వేరు. గేరాయిలు 90, ఇంజనాయిలు 50, కాగిన తర్వాత దగ్గర దగ్గర ఒకే చిక్కదనం. గేరాయిల్లో మాత్రం గంధకం మందు ఉంటుంది, ఇత్తడి కంచు బుష్షుల్ని తింటుంది. ఇంజన్లో మసిని తేల్చి ఉంచే గుణం దానికి లేదు. అందుకే మా మేస్త్రి బండి కొనే ముందు డిప్ స్టిక్ తీసి రెండు వేళ్ల మధ్య ఆయిలు రుద్దేవాడు, వాసన చూసేవాడు. గేరాయిలు వాసన తెలిసిపోతుంది. "ఈ బండి వద్దు" అని ఒక్క మాట చెప్పి వచ్చేసేవాడు. ఆ రోజుల్లో అది దొంగ చేసే పని, కొనేవాడి కళ్లు కప్పడానికి. ఇవాళ అదే పని బండి సొంతదారుడు డబ్బులు పెట్టి తన బండికి తానే చేసుకుంటున్నాడు. నాకు మింగుడు పడనిది ఇదే.

చిక్కనిది పోస్తే కొత్త బళ్లకి ఇంకా నష్టం. ఇప్పటి ఇంజన్లకి 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 అని పల్చటి ఆయిలు రాస్తారు. అందులో మొదటి అంకె చలిలో ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది, రెండోది ఇంజను కాగాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఆ ఇంజన్లలో ఆయిలు దారులు సన్నం. క్యాము సమయాన్ని ముందుకీ వెనక్కీ జరిపే పరికరం కూడా ఆయిలు ఒత్తిడి మీదే పని చేస్తుంది. అట్లాంటి ఇంజన్లో చిక్కటిది పోస్తే పొద్దున స్టార్ట్ చెయ్యగానే పైదాకా ఎక్కడానికి ఆలస్యం, ఆ కాసేపూ పైన పొడిగా రాసుకుంటాయి. శబ్దం తగ్గించాలని పోసింది శబ్దాన్ని పెంచుతుంది. అట్లాగని పల్చటిది ఖరీదైనదని పాత అంబాసిడరుకి పోసేవాళ్లూ ఉన్నారు. అదీ తప్పే. క్యాటలిటిక్ కన్వర్టరుని ఫాస్ఫరస్ పాడు చేస్తుందని 2004లో వచ్చిన ఎపిఐ ఎస్‌ఎం తరగతి నుంచి పల్చటి గ్రేడుల్లో ఫాస్ఫరస్‌ని నూటికి 0.08 వంతు దాటనివ్వడం లేదు. రోలరు లేకుండా క్యాము నేరుగా టాపెట్టుని రుద్దే పాత ఇంజనుకి ఆ జింకు మందు కావాలి. 20డబ్ల్యూ-50 పాత పద్ధతిదే దానికి నప్పుతుంది. ఏ ఇంజనుకి ఏ ఆయిలో దాని పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకం డాష్ బోర్డు డ్రాయరులో ప్లాస్టిక్ కవరు కూడా చించకుండా పడి ఉంటుంది.

ఈ పాత కొత్త తేడా తెలియక బుల్లెట్టు కుర్రాళ్లు కూడా దెబ్బ తింటున్నారు. పాత బుల్లెట్టులో ఇంజనాయిలు వేరు, క్లచ్చు పెట్టె ఆయిలు వేరు, గేరు బాక్సు వేరు. ఇంజన్లో ఏం పోసినా క్లచ్చు దాకా పోదు. 2008 తర్వాత వచ్చిన యుసిఇ ఇంజన్లో మూడూ ఒకే ఆయిల్లో మునుగుతాయి, టాపెట్లు హైడ్రాలిక్. వాటికి స్క్రూ లేదు, సందు ఆయిలే నింపుకుంటుంది. తాత పాత బండికి పోసిన కారు మందుని మనవడు ఈ బండికి పోస్తే, రాపిడి తగ్గించే ఆ సరుకు క్లచ్చు ప్లేట్లకీ అంటుతుంది. క్లచ్చు జారుతుంది, ఇంజను అరుస్తుంది, బండి కదలదు. బైకు ఆయిలు డబ్బా మీద జాసో ఎంఏ అని ఉండేది అందుకే, తడి క్లచ్చుకి పనికొస్తుందని దాని అర్థం.

ఆయిలు వల్ల శబ్దం ఎప్పుడూ రాదని నేను అనను. హైడ్రాలిక్ టాపెట్టులో ఆయిలు చాలకపోయినా, మురికి చేరి ఇరుక్కున్నా, తప్పకుండా మోగుతుంది. అప్పుడు కడిగే మందు పని చేసిన సందర్భాలూ చూశాను. కానీ ముందు చూడాల్సినవి మూడున్నాయి. డిప్ స్టిక్ మీద ఆయిలు గీత దాకా ఉందా? సరైన నెంబరుదేనా? ఫిల్టరు ఎట్లాంటిది? ఈ మూడోది ఎవరూ పట్టించుకోరు. మంచి ఫిల్టరు లోపల రబ్బరు వాల్వు ఒకటి ఉంటుంది. రాత్రి బండి ఆపాక పైకెక్కిన ఆయిలు కిందికి జారిపోకుండా పట్టి ఉంచుతుంది. చవకబారు ఫిల్టరులో ఆ రబ్బరు గట్టిపడి పోతుంది. రాత్రంతా ఆయిలు దిగిపోతుంది, పొద్దున స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు టకటకమని మోగి ఆగుతుంది. ఆ మోగుడికి వేల రూపాయల మందు పోసినవాళ్లకి నేను ఫిల్టరు మార్చి పంపించాను. మర్నాడు ఫోను చేసి శబ్దం లేదన్నారు.

ఇంకొకటి ఈ ఊరి సొంత జబ్బు. సర్వీసు పుస్తకంలో 10,000 కిలోమీటర్లకి ఆయిలు మార్చమని ఉంటుంది. హైవే మీద గంటకి 60 లెక్కన నడిచే బండికి 10,000 కిలోమీటర్లంటే 167 గంటలు. సిల్క్ బోర్డు, మారతహళ్లి, హెబ్బాళ మీదుగా గంటకి 15 లెక్కన పాకే బండికి అదే 10,000 అంటే 667 గంటలు. మీటరు ఒకటే చూపిస్తుంది, ఇంజను నాలుగింతలు పని చేసింది. సిగ్నలు దగ్గర నిలబడి ఉన్నంతసేపూ ఆయిలు కాగుతూనే ఉంది, మసి పీల్చుకుంటూనే ఉంది. దగ్గరి దూరాలకే తిరిగే బండిలో పెట్రోలూ తేమా ఆయిల్లో కలిసి దాన్ని పల్చబరుస్తాయి. బెంగళూరులో కిలోమీటర్లు చూసి ఆయిలు మార్చడం అంటే కాలు చూడకుండా వయసు చూసి చెప్పులు కొనడమే. సగం దూరానికే మార్చండి, లేదా ఆరు నెలలకొకసారి మార్చండి. మూడు సీసాల డబ్బుతో ఒకసారి ఆయిలూ ఫిల్టరూ రెండూ వస్తాయి. ఇంతకు మించిన టాపెట్ మందు నాకు తెలియదు.

మా రోజుల్లో అన్నీ బాగుండేవని అబద్ధం చెప్పను. అప్పటి ఆయిలు ఇప్పటి ఆయిలు ముందు నిలబడలేదు. డ్రమ్ములోంచి కొలపాత్రతో పోసే లూజు ఆయిల్లో ఏం కలిసి ఉందో దేవుడికే తెలియాలి. వాడేసిన ఆయిలు వడగట్టి మళ్లీ అమ్మేవాళ్లు. ఇంజన్లు త్వరగా బోరుకి వచ్చేవి. ఇవాళ రెండు లక్షల కిలోమీటర్లు హెడ్డు విప్పకుండా నడుస్తున్న బళ్లు నా షెడ్డుకే వస్తున్నాయి. మారుతి 800 వచ్చిన 1983 నుంచి ఆ మార్పు నా చేతుల మీదే జరిగింది. 2014లో మారుతి 800 ఆగింది, అంబాసిడరూ ఆగింది. రెండింటి టాపెట్లూ వేల సార్లు పట్టినవాణ్ణి, కొంచెం బాధపడ్డాను గానీ కొత్తవి మంచివని ఒప్పుకున్నాను. నేను అడిగేది ఒక్కటే. సరుకు మెరుగైందని చెవి వదిలేసుకోవాలా? ఇంజను మీద ప్లాస్టిక్ మూత, బానెట్ కింద స్పాంజి, అద్దాలు ఎత్తేసి లోపల పాటలు. ఇంత చేసినా ఒక శబ్దం మనదాకా వచ్చిందంటే, ఆ ఇంజను ఎంత గట్టిగా పిలుస్తోందో ఆలోచించాలి. పిల్లవాడు ఏడుస్తుంటే ఆకలో, కడుపునొప్పో, చీమ కుట్టిందో చూస్తామా, నోట్లో గుడ్డ కుక్కుతామా?

పని నేర్పేవాళ్ల మీదా నాకు కోపముంది. షెడ్డుకి వచ్చే పిల్లలకి మొదటి రోజే స్కానరు ఇస్తున్నారు. స్కానరు మంచి సాధనమే, నేనూ వాడతాను. సెన్సరు తప్పైతే చెబుతుంది. వదులైన లాక్ నట్టు గురించి దానికి తెలియదు. ప్యాకింగ్ అంచున ఉన్న మసి గీత దానికి కనపడదు. నా దగ్గర ఇప్పుడు ఒక పిల్లవాడున్నాడు, చిత్తూరు వైపువాడు. ఎనిమిది నెలలైంది. మొదటి మూడు నెలలు వినమన్నాను, విసుక్కున్నాడు. ఇప్పుడు బండి గేటు దాటుతుండగానే తల తిప్పుతున్నాడు.

ఆ సోమవారం కారు పని వాడి చేతే చేయించాను. కొత్త ప్యాకింగ్ వేసి, నట్లు నడిమి నుంచి అంచులకి వరసగా, మూడు దఫాలుగా బిగించాడు. స్టార్ట్ చేశాం. ఫట్టుమనే శబ్దం పోయింది. కుర్రాడు ముందుకి వంగి చెవి పెట్టాడు. "అంకుల్, ఇంకా సన్నగా ఏదో టిక్ టిక్ ఉంది" అన్నాడు.

నా స్క్రూడ్రైవరు అతని చేతికిచ్చాను. మొన కవరు మీద పెట్టించి, పిడి చెవి ఎముకకి ఆనించమన్నాను. కాసేపు కళ్లు మూసుకుని విన్నాడు. అన్నీ ఒకే వరసలో కొడుతున్నాయి, ఏదీ ముందు లేదు, ఏదీ వెనక లేదు.

"అది నీ టాపెట్టు. బాగుంది. అదట్లాగే ఉండనీ. ఎప్పుడైనా అది వినపడకుండా పోతే, ఆ రోజు నా దగ్గరికి రా" అన్నాను.

సీలు తియ్యని సీసాని అంగడిలో వాపసు ఇస్తానని తీసుకుపోయాడు.